నకిలీ వాద్యం, అరువు పల్లె

ఒక పాట విని కళ్ళు చెమర్చాక, పాడిన మనిషి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుని, మోసపోయామనుకుంటూ ఆ తడిని తుడిచేసుకున్న సందర్భం మీకెప్పుడైనా ఎదురైందా? నాకు ఎదురైంది. అలా తుడిచేసుకోవడం ఎంత తెలివితక్కువ పనో అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈ వ్యాసం ఆ తెలివితక్కువతనానికి నేను ఆలస్యంగా చెల్లించుకుంటున్న జరిమానా.

పాడినామె గిలియన్ వెల్చ్. ఆల్బం పేరు 'రివైవల్', 1996లో వచ్చింది. ఆ దశాబ్దంలో అమెరికాలో 'ఆల్ట్-కంట్రీ' అని పిలవబడిన ఒక ధోరణి బలపడింది. నాష్‌విల్ నగరంలోని సంగీత వ్యాపారం కంట్రీ పాటకు నునుపు దిద్ది, రేడియోకు అనువుగా మలచి అమ్ముతున్న రోజులవి. ఆ నునుపు నచ్చని కొందరు యువకులు వెనక్కి తిరిగి, 1930ల నాటి పాటల్లోని మోటుదనాన్నీ, చావునూ, దైవాన్నీ, అప్పులనూ మళ్ళీ పాటలోకి తేవాలనుకున్నారు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని బెల్‌విల్ అనే ఊరి నుంచి వచ్చిన 'అంకుల్ టుపెలో' బృందం 1990లో 'నో డిప్రెషన్' అనే ఆల్బం తెచ్చింది. ఆ పేరు కార్టర్ ఫ్యామిలీ 1936లో రికార్డు చేసిన ఒక భక్తిగీతం నుంచి తీసుకున్నది. తరువాత 1995లో అదే పేరుతో ఒక పత్రిక కూడా మొదలై, ఈ ధోరణికి దాదాపు ముఖపత్రమైంది.

'రివైవల్' వినేటప్పటికి నాకు ఈ చరిత్ర ఏమీ తెలియదు. తెలిసినదల్లా ఆ గొంతు. తొందర లేని గొంతు. పాట మధ్యలో ఎక్కడా మెరవాలని తాపత్రయపడదు. పక్కనే ఆమె సహచరుడు డేవిడ్ రాలింగ్స్ గిటారు, ఆయన రెండో గొంతు. 'ఆనబెల్' అనే పాటలో భూమి కౌలుకు చేసుకునే ఒక మనిషి, పంటలో ఎంత పాలు దొరకు పోతుందో లెక్క చెబుతూ చెబుతూ, చనిపోయిన కూతురి దగ్గరికి వచ్చి ఆగుతాడు. కౌలు లెక్కా, కూతురి సమాధీ ఒకే స్వరంలో, ఒకే ఊపిరిలో వినిపిస్తాయి. ఆ సమత్వం నన్ను కదిలించింది. పెద్ద దుఃఖాన్ని చిన్న గొంతుతో చెప్పగలవాళ్ళంటే నాకు మొదటినుంచీ గౌరవం.

నాకంటే ఎంతో ఎక్కువ సంగీతం విన్న ఒక మిత్రుడు ఆ రోజు మా ఇంట్లో ఉన్నాడు. పాట అయ్యేదాకా ఓపికగా కూర్చుని, నవ్వి అన్నాడు: "ఆమెది పల్లె కాదు గురూ. లాస్ ఏంజిలెస్. అమ్మానాన్నలు టెలివిజన్ వాళ్ళు. ఈ కౌలూ, ఈ సమాధీ అంతా వేషం."

అతను చెప్పిన వివరాల్లో అబద్ధం లేదు. ఆమె న్యూయార్కులో పుట్టి, దత్తతకు వెళ్ళి, లాస్ ఏంజిలెస్‌లో పెరిగింది. పెంచిన తల్లిదండ్రులు 'కెరొల్ బర్నెట్ షో' అనే ప్రసిద్ధ టెలివిజన్ కార్యక్రమానికి సంగీతం రాసినవారు. ఆమె చదువుకున్నది బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో. రాలింగ్స్ పరిచయమైందీ అక్కడే. ఆల్బం వచ్చిన కొత్తలో అమెరికన్ విమర్శకులు కొందరు కూడా ఇదే మాటన్నారు. నాకు సిగ్గేసింది. చవక నటనకు కన్నీళ్ళు పెట్టుకున్న ప్రేక్షకుడిలా అనిపించి, ఆ డిస్కును అర చివరకు నెట్టేశాను.

ఆ అర చివర అప్పటికే మరొక డిస్కు ఉంది. దాన్ని నెట్టింది మాత్రం మిత్రుడు కాదు, నేనే. జిమ్మీ స్మిత్ అనే జాజ్ కళాకారుడి 'ది సర్మన్'. వాయిద్యం హామండ్ ఆర్గాన్. జాజ్ అంటే ఊపిరితో ఊదే వాద్యాలూ, వేలి బరువుకు తగ్గట్టు పలికే పియానో అని ఎవరో రాసిన మాట తలకెక్కించుకున్న రోజులవి. హామండ్ మీటను ఎంత మెల్లగా తాకినా, ఎంత గట్టిగా కొట్టినా స్వరం ఒకేలా పలుకుతుంది. ప్రాణం లేని విద్యుత్ పెట్టె, చర్చిలో పైపు ఆర్గాన్ కొనలేనివాళ్ళు కొనుక్కునే చవక నకలు అని తీర్మానించుకుని పక్కన పెట్టాను.

అలా ఆ రెండు డిస్కులూ ఒకే నేరారోపణ మీద ఒకే మూలన చాలాకాలం పడి ఉన్నాయి. ఒకటి నకిలీ వాద్యం, మరొకటి అరువు పల్లె. రెండింటిమీదా మోపింది ఒకే అభియోగమని నాకు అప్పట్లో తట్టనేలేదు. హామండ్ ఆర్గాన్ మీద ఆ అభియోగాన్ని నిజంగానే, అధికారికంగా, సాక్షులను పిలిచి విచారించారని చదివినప్పుడు మొదటిసారి తట్టింది.

ఆ కథ చెప్పాలి. లారెన్స్ హామండ్ సంగీతకారుడు కాడు, ఇంజనీరు. ఆయన కంపెనీ మొదట చేసింది విద్యుత్ గడియారాలు. గడియారంలో ముల్లును నిలకడగా తిప్పడానికి వాడిన మోటారునే ఆయన ఆర్గాన్‌లోకి తెచ్చాడు. 1935లో వచ్చిన ఆ వాద్యంలో గాలీ లేదు, గొట్టాలూ లేవు. అంచున ఎత్తుపల్లాలున్న ఉక్కు చక్రాలు మోటారుతో తిరుగుతుంటాయి. ఒక్కొక్క చక్రం పక్కన తీగ చుట్టిన ఒక అయస్కాంతం. చక్రం తిరిగినప్పుడు ఆ తీగలో పుట్టే సన్నని విద్యుత్ కదలికే స్వరం. తరువాత ప్రసిద్ధమైన బి-3 నమూనాలో ఇలాంటి చక్రాలు 91. మీటల పైభాగాన తొమ్మిదేసి లాగుడు కడ్డీలుంటాయి. మూలస్వరానికి ఏ ఉపస్వరాన్ని ఎంత పాళ్ళలో కలపాలో వాటితో నిర్ణయించుకోవాలి. పులుసులో ఉప్పూ పులుపూ తీపీ సరిచూసుకోవడం లాంటి పనే.

కంపెనీ దీన్ని చర్చిలకు అమ్మింది. పైపు ఆర్గాన్ చేయగలిగినదంతా ఇదీ చేస్తుందన్నట్టు ప్రకటనలిచ్చింది. అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1936లో అభ్యంతరం లేవదీసింది. ఇది ఆర్గాన్ కాదు, ఆ ప్రకటనలు మోసమని వాదన. 1937లో చికాగో విశ్వవిద్యాలయపు ప్రార్థనాలయంలో ఒక పరీక్ష జరిగింది. అక్కడి పెద్ద పైపు ఆర్గాన్‌నూ, హామండ్‌నూ మార్చి మార్చి వాయించి, ఏది ఏదో చూడకుండా చెప్పమని సంగీతజ్ఞులనూ విద్యార్థులనూ అడిగారు. వారి తీర్పుల్లో దాదాపు మూడింట ఒక వంతు తప్పాయి. చివరికి 1938లో కమిషన్, కొన్ని అతిశయోక్తులు మానుకొమ్మని కంపెనీని ఆదేశించింది. 'ఆర్గాన్' అన్న పేరు మాత్రం దానికి మిగిలింది.

ఈ తీర్పు గురించి నేను చాలాసేపు ఆలోచించాను. మొదట నవ్వొచ్చింది. చెవికి తెలియనిదాన్ని కంటితో చూసి నకిలీ అనడం వింతగా తోచింది. తరువాత, తీర్పు సబబుగానే ఉందనిపించింది. తప్పు వాద్యంలో లేదు, ప్రకటనలో ఉంది. 'నేను పైపు ఆర్గాన్‌ను' అని చెప్పుకున్నంతకాలం హామండ్ అబద్ధమే. అది తనదైన పలుకును కనుగొన్నాక ఆ అబద్ధంతో దానికి పనిలేకపోయింది. ఆ పలుకును కనుగొన్నది కంపెనీ కాదు. కొన్న చర్చిలూ, బారులూ, వాటిలో వాయించినవాళ్ళూ.

చికాగోలోని ఫస్ట్ చర్చ్ ఆఫ్ డెలివరెన్స్ వంటి నల్లజాతివారి చర్చిలలో 1930ల చివరినుంచే హామండ్ మోగింది. బోధకుడి మాట వేగం పుంజుకుంటే దానితోపాటు లేచి, మాట ఆగినచోట తాను పలికి, సభను ఊపే పని నేర్చుకుంది. అక్కడినుంచి ఫిలడెల్ఫియా, నువార్క్ వంటి నగరాల్లోని చిన్న చిన్న బారులకు చేరింది. ఆర్గాన్, గిటారు, డ్రమ్స్: ముగ్గురుంటే చాలు. బాస్ వాయించడానికి మరో మనిషిని పెట్టుకోనక్కరలేదు, ఆర్గాన్ వాయించేవాడి ఎడమచేయీ, కాళ్ళూ ఆ పని చూసుకుంటాయి. చిన్న బారు యజమానికి ఒక మనిషి కూలి మిగిలింది. ఆ ముగ్గురి అమరికలోంచే ఒక కొత్త సంగీతరీతి పుట్టింది.

జిమ్మీ స్మిత్ మొదట పియానో వాయించేవాడు. వైల్డ్ బిల్ డేవిస్ ఆర్గాన్ విని, ఇక ఇదే తన వాద్యమనుకున్నాడు. కాళ్ళతో వాయించే పలకల మీద పట్టు రావడానికే ఏళ్ళు పడుతుందని అనుభవజ్ఞులు భయపెట్టారట. ఆయన ఒక ఆర్గాన్ సంపాదించి, ఫిలడెల్ఫియాలో ఒక గిడ్డంగిలో పెట్టుకుని, దాదాపు ఒక సంవత్సరం అక్కడే గడిపానని చెప్పుకున్నాడు. పలకల పటాన్ని గోడకు తగిలించుకుని కాలు ఎక్కడ పడాలో చూసుకుంటూ సాధన చేశాడట. 1956లో బ్లూ నోట్ సంస్థ ఆయన మొదటి రికార్డులు వేసింది. అప్పటినుంచి జాజ్‌లో ఈ వాద్యం స్థానం మారిపోయింది.

ఇక ఆ 'లోపాల' సంగతి. హామండ్‌లో ఒక మీట నొక్కితే దాని కింద తొమ్మిది విద్యుత్ స్పర్శలు కలవాలి. అన్నీ సరిగ్గా ఒకే క్షణాన కలవవు. అందువల్ల స్వరం మొదట్లో చిన్న 'టిక్కు' మంటుంది. హామండ్ కంపెనీ దాన్ని దోషమనుకుని పోగొట్టాలని చూసింది. జాజ్ కళాకారులకు కావలసింది ఆ టిక్కే. వేలి బరువు పలకని వాద్యంలో, లయకు అంచు ఇచ్చేది అదొక్కటే కదా. డొనాల్డ్ లెస్లీ అనే మరొకాయన, తిరిగే కొమ్ము ఉన్న స్పీకరు పెట్టెను తయారుచేశాడు. స్వరం గదిలో సుడి తిరుగుతూ వణుకుతుంది. లారెన్స్ హామండ్‌కు అది గిట్టేది కాదు. ఈనాడు ఆ రెండూ లేని హామండ్‌ను ఎవరూ ఊహించుకోలేరు. వాద్యాన్ని నిర్మించినవాడు తిరస్కరించినవే దాని గుర్తింపు అయ్యాయి.

'ది సర్మన్' శీర్షిక రచన 1958లో రికార్డయింది. ఇరవై నిమిషాల బ్లూస్. ట్రంపెట్ లీ మోర్గన్, గిటారు కెన్నీ బరెల్, డ్రమ్స్ ఆర్ట్ బ్లేకీ. పేరుకు తగ్గట్టు అది ఒక ప్రసంగం. జిమ్మీ స్మిత్ ముందు తానే మొదలుపెట్టి, ఎక్కడా పరుగెత్తకుండా, ఒక వాక్యం చెప్పి, సభకు అందిందో లేదో చూసుకుని, మరో వాక్యానికి వెళతాడు. నేను మొదటిసారి విన్నప్పుడు ఇరవై నిమిషాలు ఒకే మాట అన్నట్టు విసుగనిపించింది. ఇప్పుడు ఆ తొందరలేనితనమే దాని అర్థమనిపిస్తోంది. అదే తొందరలేనితనం నాకు 'రివైవల్'లో నచ్చిందన్న సంగతి ఇన్నాళ్ళు ఎందుకు గమనించలేదో!

1960 ఏప్రిల్ 25న, న్యూజెర్సీలో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో, జిమ్మీ స్మిత్ స్టాన్లీ టరెంటీన్ శాక్సఫోన్‌తో ఒక్కరోజులో రెండు ఆల్బంలకు సరిపడా వాయించాడు. 'మిడ్‌నైట్ స్పెషల్', 'బ్యాక్ ఎట్ ది చికెన్ షాక్'. ఆర్గాన్ సంగీతంతో పరిచయం లేనివారు రెండోదానితో మొదలుపెట్టమని నా సలహా. ఆ తరువాత 1965లో రికార్డయిన ల్యారీ యంగ్ 'యూనిటీ' వినాలి. యంగ్ బ్లూస్ బాటను కొంత వదిలి, జాన్ కోల్ట్రేన్ వెతుకుతున్న దారివైపు ఆర్గాన్‌ను తిప్పాడు. అందులో 'మంక్స్ డ్రీమ్' కేవలం ఆర్గాన్, ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ మధ్య సంభాషణ. ఒక వాద్యం ఒకసారి తన పలుకు కనుక్కున్నాక, ఆ పలుకును కూడా దాటి పోగలదనడానికి అది సాక్ష్యం.

ఇంకో విషయం. ఈ రికార్డులు వేసిన బ్లూ నోట్ సంస్థను 1939లో మొదలుపెట్టిన ఆల్ఫ్రెడ్ లయన్ బెర్లిన్‌లో పుట్టినవాడు. త్వరలోనే వచ్చి చేరిన ఫ్రాన్సిస్ వోల్ఫ్‌ కూడా అంతే. వాన్ గెల్డర్ చాలాకాలం పగలు కళ్ళద్దాల పరీక్షలు చేసి, మిగిలిన సమయంలో, 1959 వరకు హ్యాకెన్‌సాక్‌లోని తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో, జాజ్ రికార్డు చేసినవాడు. ఆ సంగీతం వీళ్ళెవరిదీ కాదు. శ్రద్ధగా విన్నారు, వాయించినవాళ్ళ పేర్లు అట్టమీద గౌరవంగా అచ్చువేశారు. వినడానికి పుట్టుక అర్హత కాదని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణలు దొరకవు.

ఇప్పుడు అరువు పల్లె దగ్గరికి వద్దాం. వెల్చ్ మీద పెట్టిన పరీక్షే ఈ సంప్రదాయంలోని మిగతా పెద్దల మీదా పెడితే ఎవరు మిగులుతారు? ఆల్ట్-కంట్రీ వాళ్ళందరూ ఆదిపురుషుడిగా తలుచుకునే గ్రామ్ పార్సన్స్, ఫ్లోరిడాలో నారింజ తోటల సంపద ఉన్న కుటుంబంలోని పిల్లవాడు. హార్వర్డ్‌లో కూడా కొద్ది నెలలు చదివాడు. 1973లో 26 ఏళ్ళకే చనిపోయాడు. చివరి ఆల్బం 'గ్రీవియస్ ఏంజెల్' మరుసటి ఏడాది వచ్చింది. టౌన్స్ వాన్ జాంట్ టెక్సస్‌లో పేరున్న కలవారి కుటుంబంవాడు, ఆ రాష్ట్రంలో ఒక జిల్లాకు వాళ్ళ ఇంటిపేరే ఉంది. 1973 జూలైలో హ్యూస్టన్‌లోని ఓల్డ్ క్వార్టర్ అనే చిన్న బారులో ఆయన ఒంటరిగా గిటారుతో పాడిన పాటలు 1977లో ఆల్బంగా వచ్చాయి. ఆ గదిలో గ్లాసుల చప్పుడు, మనుషుల దగ్గు, ఆయన చెప్పే మొహమాటపు జోకులు, వెంటనే ఊపిరాడనివ్వని ఒక పాట. ఆ మనిషి కలవారి బిడ్డ అని తెలిసినంతమాత్రాన ఆ పాటల్లోని చీకటి తగ్గుతుందా? ఆ చీకటిలో ఆయన నిజంగానే బతికాడు. 1997 జనవరి 1న 52 ఏళ్ళకు మరణించాడు.

అసలు 'నిఖార్సైన కంట్రీ' అన్నదే ఒక వ్యాపారపు కల్పన. 1920లలో అమెరికన్ రికార్డు కంపెనీలు దక్షిణాది సంగీతాన్ని రెండు జాబితాలుగా విడగొట్టాయి. నల్లవారికి అమ్మేవి 'రేస్ రికార్డులు'. తెల్లవారికి అమ్మేవి 'హిల్‌బిల్లీ', అంటే కొండప్రాంతపు మోటుమనుషుల పాటలు. పాడేవాళ్ళు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటూనే ఉన్నారు, అమ్మేవాళ్ళే గోడ కట్టారు. కార్టర్ ఫ్యామిలీ పెద్ద ఏ. పి. కార్టర్ పాటలు సేకరించడానికి ఊళ్ళు తిరిగినప్పుడు, బాణీలను గుర్తుపెట్టుకునే పని చూసింది ఆయన వెంట వెళ్ళిన లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు కళాకారుడు. హ్యాంక్ విలియమ్స్‌కు చిన్నప్పుడు పాఠాలు చెప్పింది రూఫస్ పేన్ అనే నల్లజాతి వీధిగాయకుడు. నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీ రేడియో కార్యక్రమంలో తొలిరోజుల తారల్లో ఒకడైన డిఫోర్డ్ బెయిలీ, మౌతార్గన్‌తో రైలును పలికించిన మనిషి. ఆయనను 1941లో తొలగించారు. తరువాత ఆయన బూట్లు పాలిష్ చేసుకుని బతికాడు. కంట్రీ సంగీత గౌరవమందిరంలో ఆయన పేరు చేరింది 2005లో, ఆయన పోయిన ఇరవైమూడేళ్ళకు.

కాబట్టి 'ఈమె పల్లె మనిషి కాదు, ఈ పాట ఈమెది కాదు' అన్న మాట వెనుక, తెలియకుండానే, ఆ పాత కంపెనీల జాబితా ఒకటి నిలబడి ఉంది. ఎవరు ఏ పాట పాడాలో పుట్టుకను బట్టి తేల్చే జాబితా అది. నా మిత్రుడికి ఆ ఉద్దేశం లేదు. నాకూ లేదు. కానీ జాబితా తన పని తాను చేసింది.

ఆ గోడను అందరికంటే సునాయాసంగా దాటినవాడు రే చార్ల్స్ అని నా అభిప్రాయం. చిన్నప్పుడు ఫ్లోరిడాలో రేడియోలో గ్రాండ్ ఓల్ ఆప్రీ విని పెరిగాడు. 1961లో వచ్చిన 'జీనియస్ ప్లస్ సోల్ ఈక్వల్స్ జాజ్' ఆల్బంలో, కౌంట్ బేసీ బృందపు వాద్యకారుల నడుమ కూర్చుని హామండ్ ఆర్గాన్ వాయించాడు. అదీ వాన్ గెల్డర్ స్టూడియోలోనే రికార్డయింది. మరుసటి ఏడాది, 1962లో, 'మోడర్న్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్' అన్న పేరుతో కంట్రీ పాటలు పాడాడు. అందులోని ఒక పాట అమెరికా అంతటా మొదటి స్థానంలో నిలిచింది. నేను అరలో రెండు నేరాలకింద విడిగా పడేసిన రెండు సంగీతాలూ ఆ మనిషి చేతుల్లో ఏడాది తేడాతో పక్కపక్కనే ఉన్నాయి. ఆయనకు అవి రెండు కావు.

అయితే ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. పుట్టుక అడగకూడదంటే, ఎవరి బాధనైనా ఎవరైనా ఎత్తుకుపోయి అమ్ముకోవచ్చా? డిఫోర్డ్ బెయిలీని బయటికి నెట్టినవాళ్ళు ఆ సంగీతంతోనే సంపాదించారు కదా? అందుకే నకిలీ అన్న మాటను పూర్తిగా పారేయమని నేననను. దాన్ని సరైన చోట వాడాలంటాను. అప్పు తీసుకోవడం తప్పు కాదు, తీసుకున్న అప్పును దాచడం తప్పు. తానెవరో కాని మనిషినని చెప్పుకోవడం తప్పు. హామండ్ కంపెనీని కమిషన్ మందలించింది సరిగ్గా ఆ రెండో తప్పుకే. గిలియన్ వెల్చ్ తాను కౌలురైతు బిడ్డనని ఎక్కడా చెప్పుకోలేదు. ఎవరి పాటలు వింటూ నేర్చుకుందో దాచలేదు. అదే ఆల్బంలో 'ఆర్ఫన్ గర్ల్' అనే పాట ఉంది. పేరుకు అది పాత చర్చిపాటలా వినిపిస్తుంది, ఒక అనాథ పిల్ల పరలోకంలో తన వాళ్ళను కలుసుకోవాలనుకోవడం. దత్తతకు వెళ్ళిన ఒక స్త్రీ రాసిన పాట అది. ఆ సంగతి తెలిశాక అది అరువు తెచ్చుకున్న బాధ అనగలమా? పుట్టుపూర్వోత్తరాలు వెతికినవాళ్ళం ఆ ఒక్క వివరాన్ని ఎలా దాటేశామో ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యం వేస్తుంది. మాకు కావలసింది నిజం కాదేమో, నేరం రుజువు కావడమేమో.

ఈ గొడవ మనకు కొత్తదేమీ కాదు. ఆర్గాన్‌కు చుట్టమైన హార్మోనియం మన దగ్గర ఇదే విచారణను ఎదుర్కొంది. పరాయి వాద్యం, గమకం పలకదు, మన శ్రుతులకు ఒదగదు అన్నారు. ఆ వాదాలన్నీ అబద్ధాలు కావు. ఆలిండియా రేడియో 1940లో దాన్ని నిషేధించి, 1971లో గాని సడలించలేదు. కానీ అన్ని దశాబ్దాలూ తెలుగు పద్యనాటకం హార్మోనియం లేకుండా ఒక్క రాత్రి నడిచిందా? పద్యం ఎత్తుకునే ముందు శ్రుతి అందించి, రాగం తీసేటప్పుడు వెంట నడిచి, 'వన్స్ మోర్' అంటే మళ్ళీ మొదటికి వచ్చింది ఆ పరాయి పెట్టే. అదీ తనకు చేతకాని గమకాన్ని నటించలేదు. తనకు చేతనైన ఆసరా ఇచ్చింది. రేడియో దాన్ని నకిలీ అన్న ఏళ్ళలోనే రంగస్థలం దాన్ని సొంతం చేసుకుంది.

సాహిత్యంలోనూ ఎవరి జీవితాన్ని ఎవరు రాయాలన్న వాదం మనకు తెలుసు. స్వానుభవం వేరు, సానుభూతి వేరు అని దళిత రచయితలు చెప్పినప్పుడు దాని వెనుక శతాబ్దాల నోరునొక్కడం ఉంది. దాన్ని నేను కాదనను. అక్కడి ప్రశ్న ఇన్నాళ్ళూ మాట్లాడనివ్వనివారికి చోటు ఇవ్వడం గురించి, రాసిన ప్రతివాడి ధ్రువపత్రం తనిఖీ చేయడం గురించి కాదు. రెండింటినీ కలిపేసి, కదిలించిన రచనను చదవకుండానే పక్కకు నెట్టే సోమరితనానికి ఆ పెద్ద ప్రశ్నను సాకుగా వాడుకోకూడదు. నేను చేసింది అదే.

చివరికి ఆ రెండు డిస్కులనూ అర చివరినుంచి తీశాను. గిలియన్ వెల్చ్ తరువాతి ఆల్బం ఒకటి కూడా తెప్పించుకున్నాను. 2001లో వచ్చిన 'టైమ్ (ది రెవలేటర్)'. ఇద్దరే మనుషులు, నాష్‌విల్‌లోని పాత ఆర్‌సీఏ స్టూడియో బి. అందులో ఏప్రిల్ 14 అనే తేదీ మీద రెండు పాటలున్నాయి. లింకన్‌పై కాల్పులు జరిగింది, టైటానిక్ మంచుకొండను ఢీకొన్నది, 1935లో అమెరికా మైదానాల మీద ధూళితుఫాను విరుచుకుపడి పగలు రాత్రి అయింది, అన్నీ ఆ తేదీనే. రాలింగ్స్ వాయించే ఎపిఫోన్ గిటారు కూడా 1935లో తయారైన మామూలు రకం గిటారే. హామండ్ తన ఆర్గాన్‌ను లోకానికి చూపించిన సంవత్సరమూ అదే. కాకతాళీయమే, దాన్నుంచి నేనేమీ తీర్మానించను. ఒకే ఏడాది తయారైన రెండు వస్తువులు, ఒకటి ఫిలడెల్ఫియా గిడ్డంగి మీదుగా, మరొకటి బోస్టన్ కళాశాలలో కలిసిన ఇద్దరి మీదుగా, నా గదికి చేరాయని తలుచుకోవడం బాగుంటుంది, అంతే.

ఆ ఆల్బంలో ఆఖరి పాట దాదాపు పదిహేను నిమిషాలు. మొన్నొక రాత్రి అది అయ్యాక 'ది సర్మన్' పెట్టాను. ఒక నిదానం మరో నిదానంలోకి సాగింది. పాడినామె ఎక్కడ పుట్టిందో, ఆ పెట్టెలో గొట్టాలున్నాయో లేదో మనసుకు రాలేదు. ఆ మిత్రుడు ఇప్పుడు వేరే ఊళ్ళో ఉన్నాడు. వచ్చినప్పుడు ఈ రెండూ వరసగా వినిపించాలి. ఈసారి పేర్లు ముందుగా చెప్పను.